తంగేడు పొద ఎంత తూగుతుంది: ఎడారి, మెట్ట నేలల పొదల జీవద్రవ్యరాశిని లెక్కగట్టే తీరు

తెలంగాణ ప్రభుత్వం 2014 నవంబరులో జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. మనం దసరా నాడు పూజించే ఆ జమ్మినే రాజస్థాన్‌లో ఖేజ్‌డీ అంటారు, అక్కడ కూడా అది రాష్ట్ర వృక్షమే. ఏడాదికి రెండు వందల మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని జైసల్మేర్ ఇసుకలోనూ, వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే వరంగల్ చెలకల్లోనూ అదే మొక్క బతుకుతోంది. మరి ఒకే ఎత్తు, ఒకే గుబురు ఉన్న మొక్క ఈ రెండు చోట్లా ఒకే బరువు తూగుతుందా? తూగదు. ఎందుకు తూగదో, ఆ తేడాను లెక్కలోకి ఎలా తీసుకుంటారో తెలిస్తే, పొదల నేలల గురించి ఈ మధ్య వినబడుతున్న అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో అర్థమవుతుంది.

ఆ అంకెలు ఇప్పుడు చర్చలోకి రావడానికి కారణాలున్నాయి. హైదరాబాద్ శివారు కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలలో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపినప్పుడు, పొదలూ బండలూ నిండిన నేలను అడవి అనాలా, బీడు అనాలా అన్న వాదన ఇంటింటికీ చేరింది. ఐక్యరాజ్యసమితి 2026ను గడ్డిభూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఇలాంటి నేలల్లో కార్బన్ ఎంత నిలవ ఉందో చెప్పమని అందరూ అడుగుతున్నారు. హెక్టారుకు ఇన్ని టన్నులు అని జవాబు వస్తోంది. ఆ టన్నులు ఎక్కడి నుంచి పుట్టుకొస్తాయన్నదే ఈ వ్యాసంలోని విషయం.

పచ్చి బరువు వేరు, పొడి బరువు వేరు

బయోమాస్ అని వాడుకలో ఉన్న జీవద్రవ్యరాశి అంటే, ఒక చోట ఉన్న ప్రాణుల శరీర పదార్థపు బరువు. మొక్కల విషయంలో నీరు తీసేసిన పొడి బరువునే లెక్కిస్తారు. ఎందుకంటే నీరు ఉదయానికీ మధ్యాహ్నానికీ, వానాకాలానికీ ఎండాకాలానికీ మారిపోతుంది, కట్టె మాత్రం మారదు.

వరంగల్ దగ్గరి మడికొండ వైపు గుట్టల వాలున ఒక తంగేడు పొదను కోసి తూచే పనిని దగ్గరగా చూస్తే ఈ విషయం చేతికి తెలుస్తుంది. ముందుగా పొద కింద గోనె పట్టా పరుస్తారు. కొడవలితో మొదలంటా కోసి, ఆకు, పువ్వు, కాయ ఒక కుప్పగా, సన్న పుల్లలు ఒక కుప్పగా, మోటు కొమ్మలు ఒక కుప్పగా వేరు చేస్తారు. పట్టా మీద రాలిన ఆకును కూడా ఊడ్చి కలుపుతారు. స్ప్రింగు కాటాకు తగిలించి అక్కడికక్కడే తూచాలి, నీడకు తీసుకుపోయి కాసేపు ఆగితే ఆకు వాడి కాటా తక్కువ బరువు చూపుతుంది. రేగు పొదను కోసేవారికి ఇంకో కష్టం ఉంది. ప్రతి కణుపు దగ్గరా రెండు ముళ్లు, ఒకటి నిటారుగా ఉంటే రెండోది వెనక్కి వంగి గాలంలా పట్టుకుంటుంది. చేతి తొడుగు లేకపోతే ఒక పొదతోనే పని ఆగిపోతుంది.

పొద మొత్తాన్నీ ఆరబెట్టే పొయ్యిలో పెట్టడం కుదరదు కనుక ప్రతి కుప్ప నుంచీ కొంత నమూనా తీసుకుంటారు. ఉదాహరణకు ఒక పొద పచ్చి బరువు 4.2 కిలోలు అనుకుందాం. అందులోంచి తీసిన 500 గ్రాముల నమూనాను బరువు ఇక తగ్గని దాకా ఓవెన్‌లో ఆరబెడితే 230 గ్రాములు మిగిలింది. అంటే పచ్చి బరువులో 46 శాతం పొడి పదార్థం, కాబట్టి పొద పొడి బరువు సుమారు 1.93 కిలోలు. ఈ అంకెలూ, ఇకముందు లెక్కల కోసం తీసుకునే పొదల, హెక్టార్ల అంకెలూ పద్ధతిని చూపడానికి అనుకున్నవే.

చెట్టును కొలిచే తీరు పొదకు ఎందుకు కుదరదు

మన అటవీ సిబ్బంది చెట్టును నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, అంటే రొమ్ము ఎత్తున, చుట్టుకొలత తీసి లెక్కిస్తారు. టేకుకు ఇది చక్కగా పనిచేస్తుంది. తంగేడు పొద మొత్తం ఎత్తే చాలాసార్లు అంత ఉండదు. ఉన్నా, అక్కడ కొలవడానికి ఒక మాను ఉండదు, ఒకే కుదురు నుంచి ఐదారు కొమ్మలు లేస్తాయి.

అందుకే పొదల విషయంలో రెండు దారులు పట్టారు. మొదటిది, నేలకు కొద్దిపాటి ఎత్తున ప్రతి కొమ్మ మందాన్నీ కొలిచి, అన్నిటినీ కలిపి ఒకే మానుకు సమానమైన మందాన్ని రాబట్టడం. ఇక్కడ మందాలను నేరుగా కూడకూడదు. బరువు మందంతో కాక కొమ్మ అడ్డకోత వైశాల్యంతో ముడిపడి ఉంటుంది కనుక వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. ఒక కుదురు నుంచి 3, 4, 12 సెంటీమీటర్ల కొమ్మలు మూడు లేచాయనుకుంటే, వర్గాలు 9, 16, 144, మొత్తం 169, దాని వర్గమూలం 13. నేరుగా కూడితే 19 వచ్చేది. అంత మందమున్న మాను అక్కడ లేనే లేదు.

రెండో దారి గుబురును కొలవడం. పొదను గుడ్డు ఆకారంగా భావించి ఎత్తునూ, ఒకదానికొకటి అడ్డంగా తీసిన రెండు వెడల్పులనూ గుణించి, ఆ ఫలితాన్ని మళ్లీ 0.5236తో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. పొద ఎత్తు 1.2 మీటర్లు, వెడల్పులు 1.5, 1.3 మీటర్లు అయితే ఘనపరిమాణం సుమారు 1.23 ఘనమీటర్లు. ఘనమీటరుకు ఒకటిన్నర కిలో పొడి పదార్థం ఉంటుందని ముందే తెలిస్తే, ఈ పొద కోయకుండానే సుమారు 1.84 కిలోలని చెప్పవచ్చు. చిక్కంతా ఆ ‘ముందే తెలిస్తే’ దగ్గరే ఉంది.

కొన్నింటిని కోసి మిగతావాటిని అంచనా కట్టే సూత్రం

కొన్ని పదుల పొదలను కొలిచి, తర్వాత కోసి, ఆరబెట్టి తూస్తారు. కొలతకూ బరువుకూ ఉన్న సంబంధాన్ని ఒక సమీకరణంగా రాస్తారు. మిగతా వేల పొదలను కోయకుండా కొలిచి వదిలేస్తారు. ఈ సమీకరణాన్ని అలోమెట్రిక్ సూత్రం అంటారు. దీని రూపం సాధారణంగా, బరువు అనేది ఒక స్థిరాంకాన్ని కొలత యొక్క ఒక ఘాతంతో గుణించినదని ఉంటుంది.

ఇందులో తరచుగా పడే రెండు గుంటలున్నాయి. సగటు కొలతను సూత్రంలో వేయడం మొదటిది. బరువు వెడల్పు వర్గానికి సమానమని అనుకుందాం. ఒక మీటరు పొద ఒక కిలో, మూడు మీటర్ల పొద తొమ్మిది కిలోలు, రెండూ కలిపి పది. సగటు వెడల్పు రెండు మీటర్లని తీసుకుంటే ఒక్కొక్కటి నాలుగు కిలోలు, రెండూ కలిపి ఎనిమిదే. రెండు కిలోలు లెక్కలోంచి జారిపోయాయి. పొదలన్నీ ఒకే ఈడువైన తోటలో ఈ తప్పు చిన్నది, చిన్నవీ పెద్దవీ కలిసి ఉండే సహజమైన నేలలో పెద్దది.

రెండోది కొంచెం లోతైనది. చిన్న పొదల్లో తేడాలు గ్రాముల్లో, పెద్ద పొదల్లో తేడాలు కిలోల్లో ఉంటాయి కనుక, లెక్కను లాగరిథమ్‌లలోకి మార్చి చేసి, చివరికి మామూలు కిలోల్లోకి తిప్పుతారు. అలా తిప్పినప్పుడు జవాబు సహజంగానే కాస్త తక్కువగా వస్తుంది. దాన్ని సరిచేసే గుణకం ఉంది. సూత్రం చెప్పినదానికీ అసలు బరువుకూ ఉండే తేడాను కొలిచే ప్రామాణిక దోషం సహజ లాగరిథమ్‌లో 0.4 అయితే గుణకం సుమారు 1.083, అంటే ఎనిమిది శాతానికి పైగా. ఈ గుణకాన్ని వేశారో లేదో చెప్పని నివేదికలో ఆ ఎనిమిది శాతం ఎటుపోయిందో చదివేవారికి తెలిసే వీలుండదు.

నేల మారితే అదే పొద బరువు ఎందుకు మారుతుంది

అసలు చిక్కు ఇక్కడుంది. థార్ ఎడారి అంటే అంతటా ఒకే ఇసుక అని మనం అనుకుంటాం. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థ, అదే కాజ్రీ, 1959 నుంచి ఆ పేరుతో పనిచేస్తున్న చోట ఆ ఊహకు తావు లేదు. ఇసుక దిబ్బ ఒక ఆవాసం, దిబ్బల నడుమ మైదానం మరొకటి, రాతి గుట్ట ఇంకొకటి, ఉప్పు తేలిన పల్లం వేరొకటి. ఒక్కో చోట ఒక్కో మొక్క రాజ్యమేలుతుంది, ఒక్కో చోట కొలత ఒక్కో విధంగా మోసం చేస్తుంది.

దిబ్బల మీద ఫోగ్ అనే పొద పెరుగుతుంది. గాలి మోసుకొచ్చిన ఇసుక దాని మొదలు చుట్టూ పేరుకుని కొమ్మల్లో సగభాగాన్ని పూడ్చేస్తుంది, పొద పైకి మళ్లీ చిగురిస్తుంది. టేపుతో కొలిచేవారికి కనబడేది పైభాగం మాత్రమే. అదే పొద గాలి కోసేసిన వైపు ఉంటే వేరు బయటపడి, ఉన్నదానికన్నా ఎత్తుగా కనబడుతుంది. ఒకే సూత్రంలో ఈ రెండు ఎత్తులూ వేస్తే మొదటిదానికి తక్కువ బరువు, రెండోదానికి ఎక్కువ బరువు వస్తాయి. ఫోగ్ కట్టెనూ వేరునూ వంట చెరకుగా తవ్వుకుపోవడం కూడా అక్కడ పాత అలవాటే, కనుక పైకి కనబడేదాన్ని బట్టి కింద ఎంత మిగిలిందో చెప్పలేం.

రాతి గుట్టల మీద మన ఆకుజెముడుకు దగ్గరి బంధువైన థోర్ ఉంటుంది. అది పాలతో, నీటితో నిండిన కాండం. గుబురు చూస్తే చాలా బరువనిపిస్తుంది, ఆరబెడితే కొంచెమే మిగులుతుంది. ఫోగ్‌కు కట్టిన పచ్చి, పొడి నిష్పత్తిని దీనికి వాడితే లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

ఉప్పు పల్లాల్లో లాణా వంటి పొదలు నేలలోని లవణాన్ని పీల్చి తమ కణజాలంలో దాచుకుంటాయి. ఆరబెట్టాక మిగిలే బరువులో నీరు ఉండదు, కానీ ఉప్పు ఉంటుంది. ఆ పొడిని సుమారు 500 డిగ్రీల కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిదను తీసేస్తేగాని అసలైన సేంద్రియ పదార్థం ఎంతో తెలియదు. ఒక కిలో పొడి ఆకులో పావు కిలో బూడిద అయితే మొక్క స్వయంగా తయారుచేసుకున్నది ముప్పావు కిలోనే. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లో చెట్ల కట్టెకు ఇచ్చిన 0.47 కార్బన్ వాటాను ఇక్కడ గుడ్డిగా వాడితే, ఉప్పును కూడా కార్బన్‌గా లెక్కించినట్లే.

వరంగల్ ఎడారి కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అయినా కొలిచే కష్టాల్లో చాలా భాగం మనకూ వర్తిస్తుంది. గుట్ట మీది చారెడు మట్టిలో మెల్లగా పెరిగిన పొదలో కణుపులు దగ్గరగా ఉండి పుల్లలు కిక్కిరిసి ఉంటాయి. మేకలు పదేపదే మేసిన రేగు అయితే గొడుగులా గట్టిపడుతుంది. చెలకలో వదులుగా, ఏపుగా పెరిగిన పొదకు అదే గుబురున్నా లోపల ఖాళీ ఎక్కువ. ఇందాకటి 1.23 ఘనమీటర్ల పొదనే తీసుకుంటే, చెలకలో ఘనమీటరుకు 1.5 కిలోల చొప్పున 1.84 కిలోలు వచ్చాయి. గుట్ట మీద ఘనమీటరుకు 2.1 కిలోలు ఉంటే అదే కొలతకు 2.57 కిలోలు. కొలత ఒక్కటే, బరువులో తేడా నలభై శాతం.

మనుషులు చేసే పని కూడా ఆవాసంలో భాగమే. తంగేడు కొమ్మను పచ్చిరొట్టగా పొలంలో తొక్కేవారు, బెరడును తోళ్ల పనికి వాడేవారు, బతుకమ్మ నాళ్లలో ఊరి చుట్టూ పొదల పూత మొత్తం పళ్లేలకెక్కుతుంది. భారతదేశానికి 1877లో తెచ్చిన సర్కారు తుమ్మను బొగ్గుకోసం నరికిన ప్రతిసారీ మొద్దు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. నరకని తుమ్మ మీద కట్టిన సూత్రం ఆ పిలకల గుంపుకు సరిపోదు.

వంద హెక్టార్ల లెక్క ఒకటి

ఒక ఊరి బంచరాయి, గుట్ట, వాగు అన్నీ కలిపి వంద హెక్టార్లనుకుందాం. గుట్ట 20 హెక్టార్లు, చెలక బీడు 50, వాగు ఒడ్డు 10, చౌడు 20. నమూనాగా గీసుకుని కొలిచిన చిన్న మడుల నుంచి హెక్టారుకు సగటు పొడి బరువు గుట్టలో 3 టన్నులు, చెలకలో 5, వాగు ఒడ్డున 18, చౌడులో 1 అని తేలింది. విస్తీర్ణాన్ని బట్టి గుణిస్తే 60, 250, 180, 20, అంతా కలిపి 510 టన్నులు.

ఇప్పుడు ఇదే సమాచారాన్ని తొందరలో వాడేవారు నాలుగు సగటులను కూడి నాలుగుతో భాగిస్తే హెక్టారుకు 6.75 టన్నులు, మొత్తం 675 టన్నులు వస్తాయి. నూట అరవై ఐదు టన్నులు గాలిలోంచి పుట్టాయి, కారణం పది హెక్టార్ల వాగు ఒడ్డుకు వంద హెక్టార్లలో పావు వంతు ఓటు దక్కడమే. కార్బన్ డయాక్సైడ్‌లోకి మారిస్తే, 0.47తో, ఆపైన 44లో 12వ భాగంతో గుణించినప్పుడు, సరైన లెక్క సుమారు 879 టన్నులు, తప్పు లెక్క సుమారు 1,163 టన్నులు. కార్బన్ క్రెడిట్లు అమ్మే చోట ఈ 284 టన్నుల తేడాకు ధర కట్టి ఉంటుంది.

మడులు ఎన్ని ఉండాలన్నదీ ఇక్కడే తేలుతుంది. ఒక ఆవాసంలో మడికీ మడికీ తేడా సగటులో 60 శాతం ఉంటే, తొమ్మిది మడులతో సగటు అంచనాలో ప్రామాణిక దోషం 20 శాతం, ముప్పై ఆరు మడులతో 10 శాతం. దోషాన్ని సగం చేయాలంటే పనిని నాలుగు రెట్లు చేయాలి. దారి పక్కన, నడవడానికి వీలైన చోట మాత్రమే మడులు వేస్తే ఎన్ని వేసినా ఆ పక్షపాతం తగ్గదు. ముళ్లపొద మధ్యలోకి వెళ్లినవారికే ముళ్లపొద బరువు తెలుస్తుంది.

ఉపగ్రహానికి కనబడేది, కనబడనిది

ఇంత కష్టం ఎందుకు, ఉపగ్రహ చిత్రం చూస్తే పోదా అనిపించడం సహజం. ఆకుపచ్చదనపు సూచికలు ఎక్కువగా ఎరుపు, సమీప పరారుణ కాంతుల తేడా మీద నడుస్తాయి. 2015 నుంచి పనిచేస్తున్న ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క నేల మీద పది మీటర్ల చదరం, అంటే వంద చదరపు మీటర్లు. ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న పొదలు ఐదు అందులో ఉంటే అవి కప్పేది తొమ్మిది చదరపు మీటర్ల లోపే. మిగతా తొంభై ఒకటీ ఎర్రమట్టి, రాయి, ఎండిన గడ్డి. మట్టి వెలుగును సర్దుబాటు చేసే సూచికను 1988లోనే ప్రతిపాదించారు, అది కొంత మేలు చేస్తుంది.

కానీ కొన్ని ఎడారి పొదలకు దాదాపుగా ఆకే ఉండదు. ఫోగ్, ఖీంప్, కేర్ పొదల్లో పచ్చటి పుల్లలే ఆకు పని చేస్తాయి. ఆకు ఆధారంగా కట్టిన సూచికకు అవి దాదాపు ఖాళీ నేలలా కనబడతాయి. మన దగ్గర కష్టం దీనికి ఎదురు దిశలో ఉంటుంది. ఆగస్టులో పొదల మధ్య గడ్డి పచ్చగా లేచి అంతా అడవిలా కనబడుతుంది. గడ్డి ఎండిపోయిన మార్చిలో తీసిన చిత్రంలో తంగేడూ సర్కారు తుమ్మా వేరుగా తెలుస్తాయి.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ ఉపగ్రహం రాడార్‌తో కొమ్మల నిర్మాణాన్నే తడిమి చూస్తుంది కనుక ఆశలు దాని మీద పెరిగాయి. ఆ ఆశ సరైనదే, కానీ దాని లక్ష్యాన్ని గమనించాలి. హెక్టారుకు వంద టన్నుల లోపు ఉన్న చోట్ల, ఇరవై టన్నుల దోషంతో అంచనా ఇవ్వడం దాని లక్ష్యం. అడవికి అది గొప్ప కొలత. మన చెలక బీడులో ఉన్నదే ఐదు టన్నులైతే, దోషం అసలు కన్నా నాలుగు రెట్లు. పొదల నేలకు గోనె పట్టా, స్ప్రింగు కాటా అవసరం ఇప్పట్లో తీరేలా లేదు.

వేరు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే తవ్వి చూసినవారు తక్కువ. పొడి నేలల పొదల్లో నేల కింది బరువు పైబరువును మించడం మామూలే. పైన 510 టన్నులు ఉన్న చోట వేరు నిష్పత్తిని సగం అనుకుంటే మొత్తం 765, ఒకటిన్నర రెట్లు అనుకుంటే 1,275. ఏ నిష్పత్తి వాడారన్న ఒక్క మాట మీద ఐదు వందల టన్నులు ఆధారపడి ఉన్నాయి.

నిపుణులు విభేదించే చోట్లు

ఒక వర్గం, ప్రతి ఆవాసానికీ ప్రతి జాతికీ సొంత సూత్రం కావాలంటుంది. పైన చూసిన నలభై శాతం తేడా వారికి ఆధారం. మరో వర్గం, పది పొదలను కోసి కట్టిన స్థానిక సూత్రం కన్నా, అనేక చోట్ల వందల పొదలను కోసి కట్టిన ఉమ్మడి సూత్రమే నిలకడగా ఉంటుందంటుంది. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. నా అభిప్రాయం ఏమిటంటే, నమూనా చిన్నదైతే ఉమ్మడి సూత్రాన్ని తీసుకుని, స్థానికంగా కోసిన కొద్ది పొదలతో దాన్ని సరిచూడటం మేలు. కోయడమే తప్పని అనేవారి మాటనూ కొట్టిపారేయలేం, ఫోగ్ లాంటి పొద తగ్గిపోతున్న చోట ముప్పై పొదలు కూడా ఎక్కువే.

పెద్ద విభేదం పేర్ల దగ్గర వస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ, అటవీ భూమిలో చెట్ల పందిరి పది శాతం లోపు ఉంటే దాన్ని పొదల నేలగా నమోదు చేస్తుంది. బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేల బంజరు కిందే వస్తుంది. హెక్టారుకు ఐదు టన్నులే ఉన్నాయి కనుక చెట్లు నాటి యాభై చేయాలని ఒకరంటారు. కార్బన్‌ను పట్టి ఉంచడమే లక్ష్యమైతే అందులో తర్కం ఉంది. నాటిన చెట్టు ఆ వానకు, ఆ మట్టికి నిలుస్తుందా, నిలిస్తే కింది నీటిని ఎంత తాగుతుంది, మేకలూ గొర్రెలూ ఎటు పోవాలి అని ఇంకొకరు అడుగుతారు.

ఈ వాదనలో ఒక కొలత దాదాపు ఎప్పుడూ కనబడదు. జీవద్రవ్యరాశి అనేది ఆ రోజు నేల మీద నిలిచి ఉన్న బరువు మాత్రమే. రెండు కిలోల రేగు పొద ఏటా అర కిలో ఆకును మేకలకిచ్చి మళ్లీ అంతే చిగురించిందనుకుందాం. పదేళ్ల తర్వాత తూచినా అది రెండు కిలోలే ఉంటుంది. ఈ పదేళ్లలో అది ఇచ్చిన ఐదు కిలోల మేత ఏ పట్టికలోనూ చేరదు.